ఆరాధనలో ధ్వని: టాబ్లెట్ ఎవరి చేతిలో ఉండాలి?



మన మందిరాల్లో మైకు సెట్టు రూపం మారిపోతోంది. ఒకప్పుడు పుల్పిట్ పక్కన గోడకు ఆనించిన యాంప్లిఫయరు, దానికి నాలుగైదు తిప్పుడు గుండీలు, దాని దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న ఒక సహోదరుడు, అంతే. తరువాత కాస్త పెద్ద సంఘాల్లో బల్ల నిండా పరచుకున్న మిక్సర్లు వచ్చాయి. ఇప్పుడు ఆ బల్ల కూడా మాయమవుతోంది. కీబోర్డు స్టాండు కింద చేతిసంచిలో పట్టేంత పెట్టె ఒకటి ఉంటుంది. మైకుల వైర్లన్నీ అందులోకే వెళతాయి. దాని మీద పైకీ కిందకీ జరిపే మీటలేవీ ఉండవు. ఆ మీటలన్నీ వెనక బెంచీలో కూర్చున్న యువకుడి చేతిలోని టాబ్లెట్ తెర మీద ఉంటాయి. వాక్యం జరుగుతుంటే ఈ కుర్రవాడు తెర చూసుకుంటూ కూర్చున్నాడేమిటని పెద్దలు కళ్లెర్రజేయడం మేము చూశాం. పాపం, ఆ వాక్యం వారి చెవిన పడే పనిలోనే అతడున్నాడు.

ఈ మార్పు గురించి సంఘ కమిటీల్లో ఎక్కువగా చర్చ జరిగేది ధర మీద. ఎంతవుతుంది, ఎవరిస్తారు, పాతది అమ్మితే ఎంత వస్తుంది? ఇవి అడగవలసినవే. అయితే అంతకంటె ముందు అడగవలసినది మరొకటి ఉంది. ఈ పరికరాలు ముందుగా రాసిపెట్టిన ఆదేశాల ప్రకారం తమంతట తామే నడవగలవు. ఏ మైకు ఎప్పుడు తెరుచుకోవాలి, ఏది ఎప్పుడు మూసుకోవాలి అన్నది శనివారం రాత్రే నిర్ణయించి పెట్టవచ్చు. అంటే ఆదివారం ఉదయం ఎవరి గొంతు వినబడాలో, ఎవరిది వినబడకూడదో ఒక చిన్న ఫైలు చెబుతుంది. ఆ ఫైలు ఎవరు రాశారు? దాన్ని మధ్యలో ఆపే అధికారం ఎవరిది? దీనికి సౌండు చూసే తమ్ముడు ఒక్కడే జవాబు చెప్పుకోవడం న్యాయం కాదు. సంఘ పెద్దలు కూడా చెప్పాలి. అందుకు ఆ పెట్టె లోపల జరిగేది వారికి కొంతైనా తెలిసి ఉండాలి.

మిక్సరు పని పాత రోజుల నుండి ఒకటే. కాపరి మైకు, పాడేవారి మైకులు, కీబోర్డు, తబలా, ప్యాడ్‌లు – ఒక్కొక్కటి ఒక్కొక్క ఛానెల్‌లోకి వస్తుంది. దేన్ని ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అని చూసి, అన్నిటినీ కలిపి స్పీకర్లకు పంపుతుంది. పాత మిక్సరులో మీట జరిపితే విద్యుత్తు మార్గంలోనే హెచ్చుతగ్గులు కలిగేవి. డిజిటల్ మిక్సరులో మన గొంతు అంకెలుగా మారుతుంది, మీట ఉన్న స్థానం కూడా ఒక అంకె అవుతుంది. ఉదాహరణకు బెహ్రింగర్ కంపెనీ ఎక్స్ఆర్18 అనే పెట్టెను తీసుకుందాం. 16 మైకులు తగిలించుకోవచ్చు. స్పీకర్లకు వెళ్లే ప్రధాన ధ్వని కాక, వేరువేరు చోట్లకు వేరువేరు పాళ్లలో ధ్వని పంపేందుకు 6 దారులుంటాయి. వీటిని బస్సులంటారు. ఈ పెట్టెలో ప్రతి మీట విలువ 0 నుండి 1 మధ్య ఉంటుంది. 0.75 దగ్గర పెడితే వచ్చిన ధ్వని హెచ్చకుండా తగ్గకుండా వెళుతుంది. 0.5 దగ్గర 10 డెసిబెల్స్ తగ్గుతుంది, చెవికి ఇంచుమించు సగమైనట్టు వినిపిస్తుంది. అక్కడి నుండి 0.25కు దించితే మరో సగం తగ్గుతుందనుకుంటారు చాలామంది. కాదు, అక్కడ మొత్తం తగ్గుదల 30 డెసిబెల్స్. మనిషి గొంతు దాదాపు అడుగంటిపోతుంది. తెర మీద వేలు చివరి రెండంగుళాలు జారేసరికి ప్రసంగం నూతిలోకి పోయినట్టు ఎందుకు ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక ఆ వేలు చెప్పేది పెట్టెకు ఎలా తెలుస్తుంది? ప్రతి మీటకు ఒక చిరునామా ఉంది. కంప్యూటరులో టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే గాని, మన లిపిలో రాస్తే ఇలా ఉంటుంది: /సిహెచ్/01/మిక్స్/ఫేడర్. ఒకటవ ఛానెల్ అనే ఇంట్లో, మిక్స్ అనే గదిలో, ఫేడర్ అనే మీట అని దాని భావం. ఆ చిరునామా పక్కన 0.75 అని రాసి వైఫై ద్వారా పంపితే మీట అక్కడికి వెళుతుంది. చివర ఫేడర్ బదులు ఆన్ అని రాసి, పక్కన 0 పెడితే ఆ మైకు మూసుకుంటుంది, 1 పెడితే తెరుచుకుంటుంది. ఇలా ఉత్తరాల రూపంలో మాట్లాడే పద్ధతి పేరు ఓపెన్ సౌండ్ కంట్రోల్. 1997లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో సంగీతం మీద పరిశోధన చేసేవారు దీన్ని తయారుచేశారు. మన కీబోర్డు వాద్యకారులకు పరిచయమైన మిడి పద్ధతి 1983 నాటిది, అందులో సాధారణంగా విలువలు 0 నుండి 127 వరకే. దీనిలో చిరునామా చదివితే విషయం తెలుస్తుంది, విలువ ఎంత సన్నగానైనా చెప్పవచ్చు.

టాబ్లెట్‌లోని యాప్ చేసేది ఈ ఉత్తరాలు పంపడమే. అంటే ఇవే ఉత్తరాలను ల్యాప్‌టాప్ కూడా పంపగలదు, ఎవరూ వేలు కదపకుండానే. అదే స్క్రిప్టు. కీబోర్డు వాయించే సహోదరుడు ప్రార్థన మొదలవగానే మెల్లగా తగ్గాలనుకోండి. మూడు సెకన్లలో 30 ఉత్తరాలు పంపమని నాలుగు వరుసలు రాస్తే చాలు. ప్రతి ఉత్తరం మీటను 0.025 కిందకు దించుతుంది, 0.75 నుండి సున్నాకు చేరుతుంది. చేత్తో అంత నున్నగా దించడం అలవాటైనవారికే సాధ్యం.

స్క్రిప్టు వేరు, సీను వేరు. సీను అంటే ఫోటో వంటిది. అన్ని మీటలూ ఒక క్షణంలో ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుంటుంది. మేము చెప్పిన పెట్టెలో ఇటువంటివి 64 దాచుకోవచ్చు. యౌవనస్థుల కూటానికి ఒకటి, స్త్రీల మైత్రి కూటానికి ఒకటి, ఆదివారానికి ఒకటి. స్క్రిప్టు అంటే ముందు ఇది, తరువాత అది అని చెప్పే వరుస. ఆరాధన క్రమం పుస్తకం చేతపట్టుకుని పెరిగిన మన లూథరన్, సి.ఎస్.ఐ. పాఠకులకు మాట కొత్తగాని ఆలోచన కొత్తది కాదు. పాప ఒప్పుకోలు తరువాత క్షమాపణ ప్రకటన, పత్రికా పాఠం తరువాత సువార్త పాఠం అని ముందే రాసి ఉన్న క్రమంలో నడవడం మనకు తెలుసు. పెంతెకొస్తు సంఘాల్లో కాగితం ఉండకపోవచ్చు. అక్కడా పాటలు, సాక్ష్యాలు, వాక్యం, కానుకల ప్రార్థన అనే వరుస ఎవరూ చెప్పకుండానే నడుస్తుంది.

ఆ వరుసను తెర మీద పెద్ద పెద్ద బటన్లుగా పెట్టుకోవచ్చు. టచ్ఓఎస్సి అనే యాప్‌లో మనకు కావలసిన తెరను మనమే గీసుకుంటాం. ఓపెన్ స్టేజ్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాము ల్యాప్‌టాప్‌లో నడుస్తూ ఉంటే, ఏ టాబ్లెట్ బ్రౌజర్‌లోనైనా దాని తెర తెరుచుకుంటుంది. పదహారు మీటల బదులు ఐదు బటన్లు: పాటలు, సాక్ష్యం, ప్రార్థన, వాక్యం, సంస్కారం. "సాక్ష్యం" నొక్కితే చేతి మైకు తెరుచుకుని, పాడేవారి మైకులు మూసుకుని, వాద్యాలు వెనక్కు తగ్గుతాయి. సౌండు గురించి ఏమీ తెలియని సహోదరి కూడా దీన్ని నడపగలదు. ఎప్పుడూ ఆ పని చేసే తమ్ముడు ఉద్యోగం మీద హైదరాబాదు వెళ్లిపోయినా ఆరాధన కుంటుపడదు. చిన్న పట్టణాల సంఘాలకు ఇది నిజమైన మేలు.

మేలు ఉన్నచోటనే చిక్కు కూడా ఉంది. మేము వాక్యం చెప్పడానికి వెళ్లిన ఒక సంఘంలో ఇటువంటి ఏర్పాటే ఉంది, చాలా శ్రద్ధగా చేసుకున్నారు. సాక్ష్యాలు శ్రుతి మించుతున్నాయని, ఒక్కొక్కరికి మూడు నిమిషాలని పెద్దలు నిర్ణయించారట. ఆ నిర్ణయాన్ని స్క్రిప్టులోనే రాసేశారు. "సాక్ష్యం" బటన్ నొక్కిన మూడు నిమిషాలకు చేతి మైకు దానంతటదే మూసుకుంటుంది. ఆ ఆదివారం ఒక వృద్ధ సహోదరి లేచారు. భర్త పోయి నలభై రోజులు కాలేదు. మొదటి రెండు నిమిషాలు ఆమెకు మాట పెగల్లేదు, ఏడుపే. తరువాత మెల్లగా ఆయన చివరి రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టారు. హాలంతా నిశ్శబ్దమైంది. సరిగ్గా అప్పుడు మైకు మూసుకుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. తాను చెప్పకూడనిదేదో చెప్పానని ఆమె అనుకున్నట్టుంది, మైకు పక్కవారికి ఇచ్చి కూర్చుండిపోయారు. టాబ్లెట్ పట్టుకున్న కుర్రవాడు అప్పటికి తరువాతి పాట లిరిక్స్ తెర మీద పెట్టే పనిలో తలవంచుకుని ఉన్నాడు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. ఆమెను ఆపమని ఆ హాల్లో ఉన్న ఒక్క మనిషి కూడా కోరుకోలేదు. అయినా ఆపడం జరిగిపోయింది.

మార్కు సువార్త 10వ అధ్యాయంలో బర్తిమయి సంగతి మనకు తెలుసు. యెరికో దారి పక్కన కూర్చున్న ఆ గుడ్డివాడు కేకలు వేస్తుంటే నోరు మూయమని గదిమినవారు ఒకరిద్దరు కాదు, అనేకులు. వాళ్లంతా ప్రభువు వెంట నడుస్తున్నవారే. వారి దృష్టిలో వాళ్లు క్రమం కాపాడుతున్నారు. ప్రభువు మాత్రం నడక ఆపి, ఆ గొంతు ఎక్కడిదో చూసి, అతణ్ణి పిలిపించాడు. అక్కడ కనీసం గదిమినవారికి ముఖాలున్నాయి, వాళ్లను ఎదిరించి బర్తిమయి ఇంకా గట్టిగా అరవగలిగాడు. మైకు మూసుకున్నప్పుడు అరిచే వీలు కూడా ఉండదు. గదిమినది ఎవరో తెలియదు కనుక అడిగే దారి కూడా ఉండదు.

ఇంతమాత్రాన సమయం పాటించనక్కరలేదని మేము అనడం లేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు ఈ విషయంలో నిక్కచ్చిగా ఉన్నాడు. ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలి, వేరొకరికి ప్రత్యక్షత కలిగితే అప్పటిదాకా మాట్లాడుతున్నవారు ఆగాలి. మన సంఘాల్లో ఇరవై నిమిషాల సాక్ష్యాలు విన్నవారెవరికైనా పౌలు మీద గౌరవం పెరుగుతుంది. గమనించవలసింది ఏమిటంటే, ఆ అధ్యాయంలో ఒకరు ఆగేది పక్కనున్నవారిని చూసి. మిగిలినవారు వివేచించాలని కూడా అక్కడే ఉంది. ఆపడం మనుష్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ చేసే పని. దాన్ని గడియారానికి అప్పగించే అధికారం సంఘానికి ఎవరిచ్చారో మాకు తెలియదు.

స్క్రిప్టు రాసే తమ్ముళ్లకు మా మనవి ఒక్కటే. మైకు తెరిచే పనులన్నీ స్క్రిప్టుకు ఇవ్వండి. మనిషి గొంతు మూసే పని ఇవ్వకండి. మూడు నిమిషాలు అయినప్పుడు మైకు ఆపే ఆదేశం బదులు తెర మీద ఆ బటన్ రంగు పసుపు పచ్చగా మారేటట్టు రాయవచ్చు, కష్టమేమీ కాదు. దాన్ని చూసి అతడు వేదిక మీది పెద్దకు సైగ చేస్తాడు. ఆ పెద్ద లేచి ఆమె పక్కన నిలబడతారు. భుజం మీద చెయ్యి వేయాలా, ఇంకొక రెండు నిమిషాలు ఆగాలా అన్నది అక్కడ తేలుతుంది. మేము చెప్పిన సంఘంలో ఇప్పుడు ఇదే పద్ధతి. ఆ వృద్ధ సహోదరి ఇంటికి కాపరి, స్క్రిప్టు రాసిన యువకుడు ఇద్దరూ వెళ్లి ప్రార్థన చేసి వచ్చారని విన్నాం.

తెర విషయంలో మరొక జాగ్రత్త ఉంది. నిజమైన మీటను వేలు తాకితే తాకినట్టు తెలుస్తుంది. అద్దానికి ఆ గుణం లేదు. చాలా యాప్‌లలో వేలు ఎక్కడ తగిలితే మీట అక్కడికి గెంతుతుంది. ప్రసంగం మధ్యలో టాబ్లెట్ జారి, పట్టుకోబోతే బొటనవేలు తగిలి, కాపరి గొంతు ఒక్కసారిగా ఉరిమినట్టు మారడం ఇందుకే. టచ్ఓఎస్సిలో మీటలకు రిలేటివ్ అనే అమరిక ఉంది. అది పెట్టుకుంటే వేలు తగిలినంత మాత్రాన మీట కదలదు, వేలు జరిగినంత మేరకే జరుగుతుంది. తప్పక పెట్టుకోండి. అలాగే సీనులు మార్చేటప్పుడు గెయిన్‌ను, మైకులకు విద్యుత్తు పంపే 48 వోల్టుల స్విచ్చిని ఆ మార్పులో చేర్చవద్దు. ఆరాధన మధ్యలో అవి మారితే స్పీకర్లు దబ్బున కొట్టడమో, కీచుమని అరవడమో జరుగుతుంది. చంటిబిడ్డలున్న తల్లులకు ఆ సంగతి బాగా తెలుసు.

ఈ ఏర్పాటులో అన్నిటికంటె విలువైనది స్క్రిప్టు కాదని మా అభిప్రాయం. టాబ్లెట్ పట్టుకున్నవాడు నడవగలగడం. పాత మిక్సరు దగ్గర కూర్చున్న సహోదరుడు తాను కూర్చున్నచోట బాగా వినబడితే హాలంతటా బాగున్నట్టే అనుకోవలసి వచ్చేది. మన మందిరాల సంగతి తెలిసిందే. సిమెంటు గోడలు, రాతి పలకల నేల, రేకుల కప్పు. మాట ఒకచోట పుట్టి పదిచోట్ల ప్రతిధ్వనిస్తుంది. ఫ్యాన్ల కింద ఒక రకంగా, స్తంభం వెనక మరొక రకంగా ఉంటుంది. చెవి తగ్గిన పెద్దవారు చాలామంది మోకాళ్ల నొప్పులవల్ల గుమ్మం దగ్గర, వెనక వరుస కుర్చీల్లో కూర్చుంటారు. వాక్యం అందరికంటె శ్రద్ధగా వినాలనుకునేవారు వారే, అందరికంటె తక్కువ వినబడేదీ వారికే. విశ్వాసం వినికిడి ద్వారా కలుగుతుందని రోమీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయం చెబుతుంటే, ఆ వినికిడికి అడ్డం పడేది స్తంభమైతే ఆ స్తంభం సంగతి చూడవలసినది ఎవరు? నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా ధర్మశాస్త్రం చదివేందుకు ఎత్తైన కొయ్య పీఠం కట్టారు. లేవీయులు జనం మధ్య ఉండి అర్థం చెప్పారు. వినబడడం, అర్థం కావడం ఆ రోజుల్లోనే ఏర్పాటు చేయవలసిన పని.

అందుచేత మొదటి పాట జరుగుతుండగా టాబ్లెట్ పట్టుకున్న యువకుడు హాలు చుట్టూ ఒకసారి నడవాలి. వెనక కుర్చీలో ఉన్న తాతగారి పక్కన ఒంగి నిలబడి, ఆయన చెవి ఎత్తున తన చెవి పెట్టి వినాలి. అక్కడ మాట స్పష్టంగా లేకపోతే శబ్దం పెంచడం ఒక్కటే దారి కాదు. మాట ముద్దముద్దగా ఉంటే కింది స్వరాలు కొంచెం కోస్తే తేట పడుతుంది. వాద్యాలు మాటను కప్పేస్తుంటే వాద్యాలనే తగ్గించాలి. ఇవన్నీ ఆయన పక్కన నిలబడే చేయవచ్చు. "తాతగారూ, ఇప్పుడెలా ఉంది?" అని అడిగి, ఆయన తల ఊపేదాకా ఆగవచ్చు. ఈ పని ఏ స్క్రిప్టూ చేయదు. స్క్రిప్టు మిగిలిన పనులు చూసుకుంటుంది కాబట్టి ఈ కుర్రవాడికి నడిచే తీరిక దొరుకుతుంది, దాని ఉపయోగం అదే.

వైఫై గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే పండుగ రోజునే ఇది మొరాయిస్తుంది. మేము ఉదాహరణగా చెప్పిన పెట్టెలో ఉన్న సొంత వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. శనివారం ఖాళీ హాల్లో చక్కగా పనిచేస్తుంది. క్రిస్మస్ ఉదయం వందలమంది, వందల ఫోన్లతో వచ్చి కూర్చుంటే అదే దారిలో రద్దీ పెరుగుతుంది. పైగా మనుష్యుల శరీరాలే ఆ తరంగాలను పీల్చేస్తాయి. వేరే రూటరు ఒకటి కొని, దాన్ని వైరుతో మిక్సరుకు కలిపి, 5 గిగాహెర్ట్జ్ మీద నడుపుతూ, మనుష్యుల తలలకంటె ఎత్తున గోడకు పెట్టండి. దానికి ఇంటర్నెట్ అక్కరలేదు. పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వకండి, సండే స్కూలు పిల్లలకు మరీ. ఈ పెట్టెలు వచ్చిన ఉత్తరం ఎవరు పంపారని అడగవు. ఆ వైఫైలో చేరిన ఏ ఫోనయినా కాపరి మైకు మూయగలదు. తలుపుకు ఉన్న తాళం ఆ పాస్‌వర్డు ఒక్కటే.

ఈ ఉత్తరాలు పోస్టు కార్డుల వంటివి, రిజిస్టర్డ్ పోస్టు కాదు. చేరిందని రసీదు రాదు. పంపినవన్నీ చేరతాయన్న హామీ లేదు. కాబట్టి మైకు తెరవమని పంపిన తరువాత, తెరుచుకుందా అని స్క్రిప్టు తిరిగి అడగాలి. అడగడం సులభమే. విలువ లేకుండా చిరునామా మాత్రం పంపితే, ఇప్పుడు ఆ మీట ఎక్కడుందో పెట్టె జవాబిస్తుంది. తెర మీద బటన్ వెలగడం ఈ జవాబు వచ్చాకే జరిగేలా రాసుకోండి. లేకపోతే తెర మీద మైకు తెరిచినట్టు ఉంటుంది, పుల్పిట్ మీద కాపరి మైకును వేలితో కొట్టి చూసుకుంటూ ఉంటారు. మరొక చిత్రమైన సంగతి. మార్పులు జరిగినప్పుడల్లా నాకు తెలియజేయి అని పెట్టెను కోరితే, అది పది సెకన్లపాటే తెలియజేస్తుంది. ఆ పది సెకన్లు ముగిసేలోపు మళ్లీ కోరుతూ ఉండాలి. ఇది తెలియక, వేరొకరు ల్యాప్‌టాప్‌లో మార్చినది టాబ్లెట్‌లో కనబడక తలలు పట్టుకున్నవారున్నారు. వైఫై పూర్తిగా పోయినా కంగారు పడనక్కరలేదు. ధ్వనిని కలిపే పని పెట్టెలోనే జరుగుతుంది గనుక చివరిసారి పెట్టిన అమరికతో అది సాగుతూనే ఉంటుంది. మార్చడం మాత్రమే కుదరదు. అందుకే వైరుతో కలిపిన ల్యాప్‌టాప్ ఒకటి పక్కన ఉండాలి. మిక్సరుకూ రూటరుకూ కలిపి చిన్న యుపిఎస్ కూడా ఉండాలి.

ఆ 6 బస్సులను ఎలా పంచుకోవాలో ప్రతి సంఘం తన అవసరాన్ని బట్టి చూసుకుంటుంది. రెండు యూట్యూబ్ లైవ్‌కు, ఒకటి బయటి హారన్లకు, మూడు వాద్యకారులకు కేటాయించుకోవడం మా దృష్టిలో మంచి పద్ధతి. హాల్లో వినబడే ధ్వనినే లైవ్‌కు పంపితే డోలక్ ఉన్నట్టే ఉండదు. హాల్లో డోలక్‌కు మైకు అవసరం తక్కువ కాబట్టి మిక్సరులోకి వెళ్లేదీ తక్కువే. దుబాయిలో, కువైట్‌లో పని చేసుకుంటూ సెలవు రోజున మన ఆదివారపు ఆరాధన చూసే బిడ్డలకు వేరే పాళ్లు కలిపి పంపాలి. వాద్యకారులకు తమ బస్సు ఒక్కటే కనబడే యాప్‌లు ఇవ్వండి. అన్ని మీటలూ ఇస్తే ప్రతివాడూ తన వాద్యాన్నే పెంచుకుంటాడు, అనుభవం మీద చెబుతున్నాం.

బయటి హారన్లను వేరుగా ఉంచమనడానికి కారణం ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మూసిన హాల్లో లోపలివారికోసం వాడుకోవచ్చు. పండుగలకు ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు గాని, ఏడాదికి 15 రోజులు మించకూడదు. నివాస ప్రాంతాల్లో పగటిపూట పరిమితి 55 డెసిబెల్స్. గోపురం మీది హారన్ దాని పక్కింటివారికి ఎంత వినబడుతుందో ఫోను యాప్‌తో ఒకసారి కొలిచి చూస్తే చాలామంది కాపరులు ఆశ్చర్యపోతారు. పరీక్షలకు చదువుకునే పిల్లవాడు, రాత్రి డ్యూటీ చేసి పడుకున్న నర్సు ఆ ఇంట్లో ఉంటారు. మనిషి గొంతు మూసే పని స్క్రిప్టుకు ఇవ్వకండని పైన రాశాం. హారన్ల బస్సు అందుకు మినహాయింపు. రాత్రి 9:55కు అది మెల్లగా తగ్గడం మొదలై పదికల్లా మూసుకునేలా తప్పక రాయండి. డిసెంబరు 31 రాత్రి లోపల స్తుతులు సాగుతూనే ఉంటాయి, వీధి నిద్రపోతుంది.

చివరగా, ఇవేవీ అక్కరలేని సంఘాలూ ఉన్నాయి. ముప్పై నలభై మంది ఒక గదిలో కూడుకునేచోట మంచి మైకు ఒకటి, చిన్న యాంప్లిఫయరు ఒకటి చాలు. అసలు మైకే లేకుండా వాక్యం చెప్పగలిగితే ఇంకా మంచిది. పక్క సంఘంవారు కొన్నారని కొనడం కానుకలిచ్చిన విధవరాండ్ర పట్ల అపచారం. కొనవలసిన సంఘాలు మాత్రం పెట్టెతోపాటు మనుష్యులను కూడా సిద్ధం చేసుకోవాలి. కనీసం ముగ్గురు నేర్చుకోవాలి, వారిలో ఒక అమ్మాయి అయినా ఉండాలి. సౌండు అబ్బాయిల పని అని ఏ లేఖనంలోనూ లేదు. స్క్రిప్టులో ఏముందో మామూలు తెలుగులో ఒక కాగితం మీద రాసి, సంఘ పెద్దలు చదివి సంతకం చేయాలి. పాస్‌వర్డు ఒక కవరులో పెట్టి కాపరి బీరువాలో ఉంచండి. ఆన్ చేసేటప్పుడు స్పీకర్లు చివర, ఆపేటప్పుడు స్పీకర్లు ముందు అన్నది పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి. శనివారం సాయంత్రం ప్రతి బటన్‌నూ ఒక్కసారి నొక్కి చూడండి. హారన్లు ఆపే బటన్ ఎక్కడుందో వాచ్‌మన్‌కు కూడా చూపించి ఉంచండి.